ఎలుక కొట్టిన చొక్కా

కండక్టర్ బాబాయి జట్టులో ఎంతమంది ఉన్నా ఒకరు తక్కువే. సాఫ్ట్‌బాల్ ఆటకి మైదానంలోకి దిగేది తొమ్మిదిమంది. దెబ్బ తగిలితేనో జ్వరమొస్తేనో పనికొస్తారని బుద్ధి ఉన్నవాళ్ళు ఇంకో ముగ్గురిని పక్కన కూర్చోబెట్టుకుంటారు. బాబాయి జట్టులో ఇరవై నలుగురు ఆడపిల్లలు. అయినా సరే, గేటు దగ్గర కొత్త పిల్ల ఒకతె బిక్కమొహం వేసుకుని నిలబడితే చాలు, ఆయన మొహం చేటంత అవుతుంది. "సమయానికి వచ్చావు తల్లీ. సరిగ్గా ఒక్కరు తక్కువయ్యారు" అంటాడు.

జీవితమంతా సిటీ బస్సులో తలలు లెక్కపెట్టిన మనిషికి లెక్క రాదంటే ఎవరు నమ్ముతారు? దర్జీ అక్క నమ్మింది. నిండిన బస్సులో ఇంకొకరిని, ఇంకొకరిని ఎక్కించీ ఎక్కించీ ఆయన బుర్రలోంచి నిండడం అనే మాటే చెరిగిపోయిందని ఆమె అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ వివరంగా చెప్పేది.

ఆమె కోపానికి కారణం ఉంది. ఆమె కూతురు పిచ్చుక ఆ జట్టులో బంతి వేసే పిల్ల. బక్కగా, పిడికెడు ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఎడమచెయ్యి తిప్పి కిందనుంచి బంతి వదిలిందంటే అవతల బ్యాటు పట్టుకున్నవాళ్ళు గాలిని కొట్టుకోవాల్సిందే. అలాంటి పిల్లని ఆట మొత్తం ఆడించాలా, వద్దా? బాబాయి రెండు ఇన్నింగ్స్ కాగానే విజిల్ ఊదుతాడు. "దిగేవాళ్ళు దిగండి, ఎక్కేవాళ్ళు ఎక్కండి" అంటాడు. తొమ్మిదిమందీ దిగిపోతారు, ఇంకో తొమ్మిదిమంది ఎక్కుతారు. బెంచీ మీద మిగిలినవాళ్ళతో, "కిటికీ పక్కవాళ్ళు కాస్త సర్దుకోండమ్మా" అంటాడు. ఆ బెంచీకి కిటికీ కాదు కదా, వెనక ఆనుకోవడానికి చెక్క కూడా లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. కొత్త పిల్ల వచ్చిన ప్రతిసారీ ఆయన తిన్నగా దర్జీ అక్క కొట్టుకి వస్తాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, తల గోక్కుంటూ, "చొక్కా ఒకటి ఉండేది తల్లీ. ఎలుక కొట్టింది. నువ్వే ఒకటి కుట్టిపెట్టాలి" అంటాడు. రెండేళ్ళ కిందట పిచ్చుకని చేర్చుకున్న రోజున ఈ మాట మొదటిసారి విని ఆమె అయ్యో పాపం అనుకుంది. సొంత కూతురి చొక్కా తనే కుట్టుకుని, పైగా ఎలుకల బోను కూడా కొనిచ్చింది. ఆయన ఆ బోనులో సుద్దముక్కలు పెట్టుకున్నాడు.

తర్వాత ఎలుక మూడు నాలుగు నెలలకో చొక్కా కొట్టడం మొదలుపెట్టింది. నీలం గుడ్డ అయిపోయి చేతులు పచ్చవి వచ్చాయి, పచ్చవి అయిపోయి గళ్ళవి వచ్చాయి, ఆఖరి పిల్లకి ఎవరో వదిలేసిన కర్టెన్ గుడ్డతో కాలరు వేయాల్సి వచ్చింది. చొక్కా పూర్తయిన ప్రతిసారీ దర్జీ అక్కకి కడుపు మండిపోయేది. ఒక చొక్కా కుట్టడమంటే బెంచీ మీద తన కూతురిని ఇంకాసేపు కూర్చోబెట్టడమే. ఆ పని తన చేతులతోనే చేస్తోంది. పనిముట్టు కూడా తన మిషనే.

ఆయన విజిల్ గురించి చెప్పకపోతే తప్పు. ఒకసారి ఊదితే ఆగాలి, రెండుసార్లు ఊదితే కదలాలి. పిల్లలందరికీ నేర్పినది ముందు అదే. ఒక మ్యాచ్‌లో గెలుపు పరుగు కోసం ఒక పిల్ల ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెడుతోంది. బాబాయి సంతోషం పట్టలేక ఒక్క ఊపు ఊదాడు. ఆ పిల్ల బేస్‌లనే రెండు గుర్తుల మధ్య బ్రేకు వేసినట్టు ఆగిపోయింది. అవతలివాళ్ళు తీరిగ్గా నడిచొచ్చి బంతితో తాకి ఔట్ చేశారు. తల్లిదండ్రులందరూ మీదపడితే ఆయన, "విజిల్‌కి విలువిచ్చింది, బంగారు తల్లి" అన్నాడు.

ఇవన్నీ దర్జీ అక్క ఎలాగో భరించింది. కానీ ఆదివారం ఆట వేరు. పెద్ద జట్టు కోచమ్మ బంతి వేసే పిల్ల కోసం చూడటానికి వస్తోంది. అవతలి జట్టు ఇస్త్రీ మాస్టారిది. ఆయన ప్యాంటు మడత చెదరదు, జట్టులో పన్నెండుమందికి పదమూడో మనిషి ఉండదు. రెండేళ్ళ కిందట ఏడుస్తున్న పిచ్చుకని దర్జీ అక్క ముందుగా తీసుకెళ్ళింది ఆయన దగ్గరికే. "నిండిపోయిందమ్మా" అని ఆయన తల తిప్పుకుంటే, మైదానం అటు చివర ఉన్న బాబాయి చెయ్యి ఊపి పిలిచాడు. అదృష్టం కొద్దీ ఆయనకి సరిగ్గా ఒక్కరు తక్కువయ్యారు.

ఇప్పుడా ఇస్త్రీ మాస్టారి కళ్ళముందే పిచ్చుక ఆట మొత్తం ఆడాలి. శనివారం కొట్టు మూసి బాబాయి ఇంటికెళ్ళి మరీ చెప్పింది. ఆయన అలాగే తల్లీ అన్నాడు.

ఆదివారం మొదటి రెండు ఇన్నింగ్స్ పిచ్చుక అవతలివాళ్ళకి చుక్కలు చూపించింది. కోచమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. సరిగ్గా అప్పుడే విజిల్ మోగింది. పిచ్చుక దిగింది. కర్టెన్ కాలరు వేసుకున్న కళ్ళజోడు పిల్ల ఎక్కింది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని బంతి వదులుతుంది. మొదటిది కంచెకి తగిలింది. రెండోది అంపైర్ వీపుకి తగిలింది. నాలుగు బంతులు దారితప్పితే బ్యాటరు ఊరికే మొదటి బేస్‌కి నడవొచ్చు. ఇస్త్రీ మాస్టారి పిల్లలు షికారుకి వెళ్ళినట్టు వరసగా నడిచారు.

దర్జీ అక్క మెడలో టేపు అలాగే వేలాడుతుండగా కంచె దాటి లోపలికి వచ్చేసింది. "బాబాయ్, ఇది ఆటా, బస్సా? ఆడగలిగినవాళ్ళని కూర్చోబెట్టి, బంతి పట్టుకోవడం రానివాళ్ళతో వేయిస్తావా?"

"కొంచెం మెల్లగా తల్లీ" అన్నాడాయన.

"ఎందుకు మెల్లగా? అందరూ వినాలనే అంటున్నా. లెక్క రానివాడికి జట్టెందుకు? నా కూతురి బతుకుతో ఆడుకుంటున్నావు."

"తిట్టు తల్లీ, తప్పులేదు. మెల్లగా తిట్టు."

బ్యాటరు వెనక బంతి పట్టే క్యాచర్ పిల్ల వాళ్ళమ్మ, ఆస్పత్రిలో నర్సు, వచ్చి ఆమె భుజం పట్టుకుని పక్కకి లాక్కెళ్ళింది. నర్సు నవ్వు ఆపుకోలేకపోతోంది. దర్జీ అక్కకి ఒళ్ళు ఇంకా మండింది.

"నవ్వుతావేంటి?"

"ఇవన్నీ నా మాటలే అక్కా. ఆ బతుకుతో ఆడుకోవడం కూడా. రెండేళ్ళ కిందట నా కూతురు బంతి వేసేది. దాన్ని దింపేసి మీ పిచ్చుకని ఎక్కించాడు. మీ పిల్ల మొదటి బంతికే అంపైర్ టోపీ ఎగిరిపోయింది. నేను ఇదే కంచె దగ్గర నిలబడి ఆయన్ని కడిగేశాను."

"అప్పుడు మీకు ఒకరు తక్కువ కదా?"

"తక్కువా? పదిహేడుమందిమి ఉన్నాం. నేను అరుస్తుంటే ఆయన ఒకటే మాట. ఆ పిల్ల వాళ్ళమ్మ అక్కడే కూర్చుంది, వినపడుతుంది, కొంచెం మెల్లగా అని. చివరికి నేనూ గొంతు తగ్గించాను."

దర్జీ అక్క బెంచీ మీది చొక్కాల వైపు తిరిగి చూసింది. ఒకరు తక్కువైతే ఒక చొక్కా మిగిలి ఉండాలి. పుట్టినప్పటినుంచీ గుడ్డలతోనే బతుకుతున్న మనిషికి ఈ చిన్న సంగతి తట్టలేదు. లేని ఎలుకకి బోను కొనిచ్చింది.

కంచె అవతల కళ్ళజోడు పిల్ల తాత కూర్చుని ఉన్నాడు. మనవరాలు వేసిన ప్రతి తప్పు బంతికీ ఇందాకటిదాకా చప్పట్లు కొట్టాడు. ఇప్పుడు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తున్నాడు. దర్జీ అక్క వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక, కాలరు బాగా కుదిరింది కదండీ అంది.

ఆట ఓడిపోయారు, అదీ ఘోరంగా. కోచమ్మ పిచ్చుక చెయ్యి మెచ్చుకుంది గానీ, తమ దగ్గర బంతి వేసేవాళ్ళు ఇప్పటికే సరిపడా ఉన్నారని గొణిగింది. "కాస్త సర్దితే సరిపోతుందండీ" అంది దర్జీ అక్క, సిగ్గు లేకుండా. కోచమ్మ నవ్వి, వచ్చేవారం ఒకసారి పంపండి, చూద్దాం అంది.

అయినా బాబాయి మీద కోపం తగ్గలేదు. మ్యాచ్ పోగొట్టాడు, అది పోగొట్టినట్టే. ఆ మాట మొహం మీదే అందామని బెంచీ దగ్గరికి వెళ్ళింది. ఆయన వంగుని బ్యాట్లు సంచిలో వేస్తున్నాడు. ఆయన వెనక గేటు దగ్గర, ఇస్త్రీ మాస్టారి వైపునుంచి వచ్చిన పిల్ల ఒకతె నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వాళ్ళమ్మ చెయ్యి వదలడం లేదు.

బాబాయి ఇంకా చూడలేదు. దర్జీ అక్క ఆయన్ని దాటుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. మెడలోంచి టేపు తీసింది.

"సమయానికి వచ్చావు. సరిగ్గా ఒక్కరు తక్కువయ్యారు" అంది కోపంగానే. "నీ చొక్కా మాత్రం ఎలుక కొట్టింది. ఏదీ, చేతులు చాపు."