ఇరవై నిమిషాలు

మా ఫిజిక్స్ సార్ పోయారని, కరీంనగర్‌లో నేను కాలేజీకి బయలుదేరుతుంటే తెలిసింది. మంచిర్యాల నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "బాపు పొద్దుగాల పోయిండు మేడం" అన్నాడు. సార్ దగ్గర నేను నాలుగేళ్లు డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశాను.

అప్పుడు సార్ ద్రవ స్ఫటికాల మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. రెండు అద్దాల నడుమ వెంట్రుకకన్నా పలచని ద్రవం పొర, పైన చిన్న గాజు పట్టకం. ఎర్రటి లేజర్ కాంతి సరైన కోణంలో తగిలితేనే పట్టకం గుండా ఆ పొరలోకి దూరేది. వేడి ఒక్క డిగ్రీ మారినా ఆ కోణం తప్పేది. మంచిర్యాల ఎండల్లో ఇదేం పనని స్టాఫ్‌రూమ్‌లో నవ్వేవారు. సార్ కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టించి, పొద్దున ఆరింటికే వచ్చేవారు. పట్టకాన్ని ముట్టుకుంటే, చేతి వేడి దిగేదాకా ఇరవై నిమిషాలు ఆగి తీరాలి. "అద్దం నీ చెయ్యిని మర్చిపోవాలె బిడ్డా, గప్పుడు రాయి" అనేవారు.

నేను తొందర మనిషిని. ఒక వేసవిలో సార్‌కు పరీక్షల డ్యూటీ పడి, కొలతలు నాకు అప్పగించారు. పట్టకం మీద దుమ్ము తుడవడం, వెంటనే కోణం రాసేయడం. రెండు నెలలూ అదే వరస. ఆ అంకెలతోనే సార్ థీసిస్ రాశారు, టైపూ అయింది. యూనివర్సిటీకి పంపే గడువు పదిహేను రోజులుందనగా, ఇక మనసొప్పక చెప్పేశాను.

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచిన ప్రతిసారీ పట్టకాన్ని ఎంతసేపు పట్టుకున్నానో మాత్రం అడిగారు. గడువు దాటిపోయింది. ప్రతిసారీ ఇరవై నిమిషాలు ఆగుతూ కొలతలన్నీ మళ్లీ తీయడానికి ఇంకో రెండు వేసవులు పట్టాయి. ఈలోగా ఆయనకన్నా చిన్నవాళ్లకు ప్రమోషన్లు వచ్చాయి. నాకు సిగ్గుగా ఉండేది, ఇప్పటికీ ఉంది. ఆ రెండు వేసవులూ కొలతలు నాతోనే తీయించారు. నేను వద్దు సార్ అంటే, "ఇగ నీ అంత జాగ్రత్త ఎవలకుంటది?" అన్నారు. ఈ రోజు నా పిల్లలు ల్యాబులో తప్పు చేస్తే నేను అరవకుండా ఉంటున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. సార్‌ను వసారాలో పడుకోబెట్టారు. ఆయన చేయి పట్టుకున్నాను. చల్లగా ఉంది, నా చేతిలో మెల్లగా కాస్త వెచ్చబడింది. వెనక వాళ్లు జరగమన్నారు. చేయి వదిలి, గోడ పక్కన నిలబడి గడియారం చూసుకున్నాను.

ఇరవై నిమిషాలు కాకముందే పాడె ఎత్తారు.