అమ్మ పెట్టెలో పన్ను కాయితాలు

నా చిన్నప్పుడు, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మా అమ్మ ట్రంకు పెట్టెను రెండు నెలలపాటు ఎవరూ తెరవలేదు. ఆషాఢంలో టైఫాయిడ్ వచ్చి అమ్మ పోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నేను ఏడవలేదు, నాన్న కూడా ఏడవలేదు. ఆయన గుడివాడలో ఉద్యోగం మానేసి, బందరులో ఒక ధాన్యం కంపెనీలో అకౌంటెంటుగా చేరి, నన్నూ ఆ పెట్టెనూ వెంటబెట్టుకొచ్చారు. వేళకి తినేవాళ్లం, వేళకి పడుకునేవాళ్లం. ఇద్దరం మొద్దుబారిపోయాం.

కొత్త కంపెనీవాళ్లు ఇన్‌కంటాక్సు కాయితాలు అడిగారు. ఆ ఏడు గుడివాడలో ఎంత జీతం వచ్చింది, అందులో ఎంత పన్ను కోశారు, ఇన్సూరెన్సు ఏమైనా కట్టారా, ఇవన్నీ ఫారంలో నింపి రుజువులు జతచెయ్యాలి. గుడివాడలో సగం బజారుకి అలాంటి ఫారాలు నింపిపెట్టిన మనిషి మా నాన్న. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు, తన ఫారం దగ్గరికొచ్చేసరికి కదల్లేకపోయారు. ఇంట్లో కాయితాలన్నీ దాచేది అమ్మ. అవి ఆ పెట్టెలో ఉన్నాయి.

ఒకరోజు హెడ్ గుమస్తాగారు మా గుమ్మంలోకే వచ్చి, "శనివారం ఆఖరండీ. సొంత కాయితాలు తేలేనాయన మన కాయితాలేం చూస్తాడని యజమానిగారు అంటున్నారు" అని చెప్పి వెళ్లారు. ఉద్యోగం పోయేలా ఉందని నాక్కూడా అర్థమైంది. నాన్న తలూపి, వేళైందని కంచాలు పెట్టారు. నాకు భయమెయ్యాలి కదా, అదీ వెయ్యలేదు. సంగతి తెలిసి పక్కింటి అక్క మొవ్వలో ఉన్న మా తాతయ్యకి కార్డు రాసి పడేసింది.

శుక్రవారం పొద్దున్నే మా తాతయ్య, అమ్మ వాళ్ల నాన్న, మొవ్వ నుంచి వచ్చి బండి దిగారు. తాలూకా ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. నాకాయన మీద కాస్త కోపం కూడా వచ్చింది. కాళ్లు కడుక్కుని, పెట్టె ముందు చాప వేయించి, ఒక తెల్లకాయితం తెప్పించారు.

"పెట్టెలో ఏమున్నాయో జాబితా రాద్దాం. అమ్మడూ, నువ్వొక్కోటీ తీసి చెప్పు. అల్లుడుగారూ, మీరు రాయండి" అన్నారు.

తాతయ్యే రాసెయ్యొచ్చు. ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉండేది. అయినా కలం నాన్నకే ఇచ్చారు. ఎర్రంచు ఆకుపచ్చ చీర ఒకటి అన్నాను, నాన్న రాశారు. సగం కుట్టిన గౌను ఒకటి అన్నాను. అది నాదే. అదీ రాశారు. చేతికి అలవాటైన పని, సాగిపోయింది. అడుగున జీతం చీటీ, పన్ను కోసిన చీటీ దొరికాయి. వాటితోపాటు, అమ్మ పేరిట ఇన్సూరెన్సు కట్టిన రసీదు కూడా ఉంది.

"ఇది వద్దు మావయ్యగారూ, వదిలేద్దాం" అన్నారు నాన్న.

అది ఫారంలో చూపిస్తే, ఆవిడిప్పుడు లేదని కూడా రాయాలి. ఆ ముక్క నాన్న అప్పటిదాకా నోటితో అనలేదు, ఇన్సూరెన్సువాళ్లకి కూడా రాయలేదు.

తాతయ్య ఆ రసీదు మీద తేదీ చూశారు. "జ్యేష్ఠంలో కట్టారు బాబూ. అప్పటికి నా కూతురు ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయండి, లేనిది లేనట్టు రాయండి" అన్నారు. రసీదు నాన్న ముందు పెట్టారు.

నాన్న కంపెనీ ఫారం తీసి అందులో అమ్మ పేరు రాశారు. దాని కింద ఇంగ్లీషులో ఇంకో ముక్క రాశారు. ఏమిటని అడిగాను.

"మీ అమ్మ చనిపోయిందని రాశానమ్మా" అన్నారు.

నాకప్పుడు ఆకలేసింది. అమ్మ పోయాక నేను అడిగి అన్నం పెట్టించుకున్నది ఆ పూటే మొదటిసారి. మర్నాడు కాయితాలు కంపెనీలో ఇచ్చారు, ఉద్యోగం నిలిచింది.

ఇన్నేళ్లొచ్చినా, మనిషి పోయిన ఇంట్లో ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. అక్కడ రేషను కార్డో బ్యాంకు కాయితమో, చూడలేక పక్కనపెట్టింది ఏదో ఒకటి ఉంటుంది. అది తెమ్మంటాను. పక్కన కూర్చుంటాను. కలం మాత్రం వాళ్ల చేతికే ఇస్తాను.