ఎటు తిప్పినా ఎడమకే

1997 వానాకాలం. నగరం నుంచి శంషాబాద్ వెళ్లే దారిలో, గగన్‌పహాడ్ దగ్గర హైవేకు ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉండేది. మెకానికల్ డిప్లొమా తర్వాత నాకు దొరికిన మొదటి ఉద్యోగం అక్కడే. హోదా క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. మేము తయారుచేసేది పూల్ ఆటకు వాడే క్యూలు, అంటే బంతిని పొడిచే పొడవాటి కర్రలు. ఆడేవాళ్లు వాటిని స్టిక్ అంటారు. నగరంలో పూల్ పార్లర్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి కాబట్టి గిరాకీ బాగానే ఉండేది. మా చేతులకే విశ్రాంతి లేదు.

కొత్త క్యూను ఎలా పరీక్షిస్తారని చాలామంది అడుగుతుంటారు. కొనేవాళ్లు దాన్ని బల్ల మీద పెట్టి దొర్లిస్తారు. ఎగిరెగిరి పడితే వంకర అని తేల్చేస్తారు. అది నమ్మదగిన పరీక్ష కాదు. కర్ర ఒక కొసకు సన్నబడుతూ పోతుంది, పైగా అది రెండు ముక్కలను మరతో బిగించి చేసినది. బల్ల చదునుగా లేకపోయినా తప్పు కర్ర మీదకే వస్తుంది. నేను ముందు చేసేది సైటింగ్. కర్రను తుపాకీలా కంటి ఎత్తుకు పట్టుకుని, లావు కొస నుంచి సన్న కొస దాకా అంచు వెంబడి చూడాలి. తర్వాత రెండు ముక్కలు కలిసే చోట గోరు తగులుతుందా అని తడమాలి. కొసన ఉండే ఇత్తడి తొడుగును ఫెర్రూల్ అంటారు, అది కదలకూడదు. దాని మీద అతికించిన తోలు బిళ్ల టిప్. దాని అంచు లేచి ఉండకూడదు. చివరగా కర్రను వి-బ్లాక్‌లు అనే గాడి దిమ్మల మీద పెట్టి తిప్పుతూ డయల్ గేజ్ ఆనిస్తాను. వెంట్రుకవాసి వంపు ఉన్నా గేజ్ ముల్లు కదులుతుంది.

ఇదంతా పొద్దున ఉత్సాహంగానే ఉంటుంది. మధ్యాహ్నానికి కళ్లు మండుతాయి. సాయంత్రం బస్టాపులో నిలబడి కరెంటు స్తంభాన్ని కూడా సైటింగ్ చేస్తున్నట్టు అనిపించేది.

ఆ రోజుల్లోనే దేవదానం అన్న మూడోసారి వచ్చాడు. పక్క ఫ్యాక్టరీ బస్సు నడిపేవాడు. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి షిఫ్టు జనాన్ని తీసుకొచ్చి, మళ్లీ దింపి వచ్చేవాడు. నలభై దాటిన మనిషి. ఆదివారం చర్చి అయిపోగానే శంషాబాద్ పార్లర్‌లో ఆయన ఆట చూడ్డానికి జనం చేరేవారట. మా దగ్గర సొంతానికి ఒక స్టిక్ కొనుక్కున్నాడు. వంకరగా ఉందని తెచ్చిచ్చాడు. నాకు తప్పేమీ కనబడలేదు. అయినా మా యజమాని రాఘవులు గారు పాత గిరాకీ పోగొట్టుకోకూడదని మార్చి ఇమ్మన్నారు. మార్చినది కూడా వంకరేనని వెనక్కి వచ్చింది. ఇప్పుడు మూడోది.

"తమ్మీ, ఇది గూడ గంతే. నడుమల ఎడమ దిక్కు గుంజింది" అని స్టిక్‌ను నా బల్ల మీద పెట్టాడు.

లోపలి నుంచి రాఘవులు గారు విన్నారు. "ఏంది దేవదానం, పిల్లను చూడొచ్చినట్టు చేస్తున్నవు. ఒక్కటన్న నచ్చుతదా లేదా నీకు?"

"పిల్ల మంచిగుంటే ఎందుకు నచ్చదు సేటూ? నడుము వంగిన పిల్లనే చూపిస్తున్నవు."

"ఇగ మార్చేది లేదు. ఓ పిలగా, ఆయన ముంగటనే చెక్ చెయ్యి. చూసుకోని పోతడు."

నేను వరుసగా అన్నీ చేశాను. జాయింట్ సరిగ్గా ఉంది. ఫెర్రూల్, టిప్ సరిగ్గా ఉన్నాయి. కర్రలో నార కొస దాకా సూటిగా పోయింది. వి-బ్లాక్‌ల మీద తిప్పితే ముల్లు ఉన్నచోటు నుంచి కదల్లేదు. దేవదానం అన్న ముల్లును చూశాడు, నన్ను చూశాడు.

"నీ గడియారం ఆగినట్టుంది తమ్మీ."

"గడియారం కాదన్నా అది. సరే, నువ్వే చూడు. ఎక్కడ వంగిందో చేత్తో చూపియ్యి."

ఆయన స్టిక్ ఎత్తి కుడికంటితో చూశాడు. ఎడమకు వంగిందన్నాడు. పైభాగంలో చాక్‌పీసుతో చిన్న గీత పెట్టాను. తర్వాత కర్రను ఆయన చేతుల్లోనే సగం చుట్టు తిప్పాను. గీత కిందికి పోయింది.

"ఇప్పుడు?"

"ఎడమకే."

డిప్లొమా మొదటి ఏడాదిలోనే మాకు నేర్పిన సంగతి ఒకటుంది. కొలిచే సాధనం మీద అనుమానం వస్తే వస్తువును తిప్పి మళ్లీ కొలవాలి. తప్పు వస్తువుది అయితే వస్తువుతోపాటే తిరుగుతుంది. తిరగకుండా ఉన్నచోటే ఉంటే తప్పు కొలిచేదానిది. నిజంగా ఎడమకు వంగిన కర్ర సగం చుట్టు తిరిగితే కుడికి వంగి కనబడాలి. ఆయనకు ఎటు తిప్పినా ఎడమకే.

నా ఉక్కు స్కేలు ఆయనకిచ్చాను. "ఇది చూడన్నా."

చాలాసేపు చూశాడు. "ఇది గూడ జర గుంజినట్టే ఉన్నది. కింద పడేసినవా?"

"ఎడమ కంటితో చూడు."

ఆ కంటితో చూశాడు. మళ్లీ కుడి కంటికి మార్చాడు. మళ్లీ ఎడమకు. స్కేలును మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"అన్నా, బస్సు నడిపేటప్పుడు రోడ్డు నడుమ తెల్లగీత ఎట్ల కనబడ్తున్నది?"

"వానలకు గీతలు పోయినయి."

"పోని కాడ?"

ఆయన తల తిప్పి బయటికి చూశాడు. వాన వెలిసింది. షెడ్డు ముందర ఆయన బస్సు ఆగి ఉంది. గొంతు తగ్గించి చెప్పాడు. "ఇంట్ల తలుపు చౌకట్ గూడ గట్లనే కనబడ్తున్నది. గోడ కుంగిందనుకున్న. మేస్త్రీని గూడ పిలిచిన. ఆయన తూకం గుండు ఏలాడేసి చూసి, మంచిగనే ఉన్నదని పోయిండు."

"అన్నా..."

"స్టిక్ వంకరనే అని ఒక్క మాట చెప్పు తమ్మీ. చదువుకున్నోనివి. నువ్వు చెప్తే నేను నమ్ముత."

అప్పుడు నాకు అర్థమైంది. ఆయన స్టిక్ మార్చుకోవడానికి రావడం లేదు. కర్రలో తప్పు తేలితే కంటిలో లేనట్టే. డ్రైవర్‌కు కన్ను పోతే ఏమవుతుందో ఆయనకు నేను చెప్పక్కర్లేదు. మూడుసార్లు ఆయన మా షెడ్డుకు తెచ్చింది ఆ భయాన్నే.

"స్టిక్ మంచిగనే ఉన్నదన్నా" అన్నాను. అంతకన్నా మెత్తటి మాట నాకు దొరకలేదు.

"స్టిక్ అమ్ముకునేటోనివి. నువ్వు గట్లనే అంటవు." లేచాడు. "షిఫ్టు వదిలే టైమైంది."

వెనకే వెళ్లాను. "ఇయ్యాల నువ్వు నడపకు."

"నేను నడపకుంటే ఎవరు నడుపుతరు? నువ్వా? సైకిల్ దొక్కనీకె గూడ భయపడ్తవు." నవ్వలేదు. బస్సును పక్క ఫ్యాక్టరీ గేటు దగ్గరికి తీసుకెళ్లి ఆపాడు. నేను కూడా ఆ గేటు దాకా నడిచాను. ఎందుకో నాకే తెలియదు. పట్టుకుని ఆపగలిగేవాణ్ణి కాను.

జనం ఎక్కుతున్నారు. ఎక్కువమంది ఆడవాళ్లు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు. ముందు సీట్లో కూర్చున్న ఒకామె "జల్ది పోనియ్యి అన్నా, మబ్బు పట్టింది" అంది. దేవదానం అన్న స్టీరింగ్ మీద చేతులు పెట్టి ఎదురుగా చూస్తున్నాడు. అద్దం అవతల ఫ్యాక్టరీ ఇనుప గేటు, దాని నిలువు ఊచలు. ఒక కన్ను మూశాడు. అది తెరిచి రెండోది మూశాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది.

తర్వాత ఇంజన్ ఆపేసి కిందికి దిగాడు.

"ఏందన్నా, ఇయ్యాల మమ్మల్ని నడిపిస్తవా?" అందామె కిటికీలోంచి. వెనక ఎవరో నవ్వారు.

"నా కన్ను మంచిగ లేదక్కా" అన్నాడు ఆయన. అందరికీ వినబడేలాగే అన్నాడు. "వేరే డ్రైవర్‌ను పిలువుమంట. జర కూసోండ్రి."

నవ్వు ఆగిపోయింది. ఆయన తాళంచెవి పట్టుకుని మేనేజర్ గది వైపు నడిచాడు. వేరే డ్రైవర్ వచ్చేసరికి వాన మళ్లీ మొదలైంది. కొందరు గొణుక్కుంటూ దిగి ఆటో కోసం హైవే మీదికి వెళ్లారు.

నగరంలో కంటి దవాఖానకు మర్నాడే ఆయన తమ్ముడు తీసుకెళ్లాడట. కుడికంటి లోపలి పొర వెనక నీరు చేరిందని, అందుకే తిన్నగా ఉన్నవి వంకరగా కనబడుతున్నాయని డాక్టర్ చెప్పారు. నెలలు పట్టింది. నీరు చాలావరకు తగ్గింది కానీ కొంచెం వంపు మిగిలిపోయింది. మళ్లీ బస్సు ఇవ్వలేదు. బస్సులు కడిగించి, టైర్లు, బ్రేకులు చూసే పని ఇచ్చారు. జీతం తగ్గింది. హైవే మీద ఎప్పుడైనా ఎదురైతే తల ఊపుతాడు. నేనూ ఊపుతాను. నాకు ఆయన కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పాలని నేను ఎదురుచూడలేదు కూడా.

ఆ తర్వాత నా పద్ధతిలో ఒక్కటే మారింది. ఎవరైనా వంకర అని కర్ర తెస్తే ముందు వాళ్ల చేతికే ఇచ్చి, చూడమని, తిప్పి మళ్లీ చూడమని అడుగుతాను. చాలాసార్లు వంపు కర్రతోపాటే తిరుగుతుంది. అప్పుడు నాకు హాయిగా ఉంటుంది. పారేసి వేరేది ఇవ్వొచ్చు. సరుకులో తప్పు లేదని తేలితే ఇన్‌స్పెక్టర్ పని అయిపోయినట్టేనని మాకు నేర్పారు. ఆ మాట విన్న మనిషి దాన్ని మోసుకుంటూ ఇంటికి వెళ్లాల్సి రావచ్చని ఎవరూ నేర్పలేదు. అందుకే ఇప్పుడు "ఇది మంచిగనే ఉన్నది" అనేముందు ఒకసారి ఆగి, ఎదుటివాళ్ల ముఖం చూస్తాను.