యూనస్ ఆటోలో పలక

జగ్గయ్యపేట నుంచి చిల్లకల్లు అడ్డరోడ్డుకు తిరిగే ఆటోలకు లోటు లేదు. అయినా కొంతమంది వచ్చిన ఆటోను వదిలేసి యూనస్ ఆటో కోసం నిలబడతారు. అతనేమీ ఛార్జీ తగ్గించడు. పైగా బండి నిదానంగా నడుపుతాడు. డ్రైవరు సీటు వెనక, ఎక్కినవాళ్ల కళ్లకు ఎదురుగా, ఒక పలక కట్టి ఉంటుంది. దాని మీద రోజూ ఒక ఇంగ్లీషు మాట, ఒక చరిత్ర ముక్క, ఒక జీకే బిట్టు. అడ్డరోడ్డు వచ్చేలోగా ఆ మూడింటి మీద ఒక చిన్న తగువు కూడా అయిపోతుంది.

కూతురు కరిష్మా నోటు పుస్తకాల్లోకి మారినప్పుడు ఇంట్లో మిగిలిపోయిన పలక అది. ఏడో తరగతితో బడి మానేసిన యూనస్‌కు దాన్ని అటక మీద పడెయ్యడానికి మనసొప్పలేదు. పదకొండేళ్లుగా అది ఖాళీగా ఉన్న రోజు లేదు. ఇద్దరిని అడిగి రూఢి చేసుకోనిదే అతను బలపం పట్టడు. ఒకరు ఎప్పుడూ రిటైర్డ్ హెడ్మాస్టరు చంద్రమౌళిగారే. రెండోవారు బ్యాంకు క్యాషియరో, మందుల షాపాయనో, ఎవరు దొరికితే వారు.

“మన పలక మీద తప్పు పడదండీ,” అనేవాడు ఎవరైనా మెచ్చుకుంటే. గర్వమే, కాదనను. కష్టపడి సంపాదించుకున్నదే గదా, ఉండనిద్దాం.

ఈ సంగతి నందిగామ దాకా పాకింది. అక్కడి డిగ్రీ కాలేజీలో చదువుతున్న కరిష్మా నోరు ఊరుకోక లెక్చరరు రాజ్యశ్రీతో చెప్పింది. ఆవిడ ఫోన్ చేసి, “మా పిల్లలకి మీ పలక చూపించాలండీ, శుక్రవారం స్టేజీ మీదకి రావాలి,” అంది. వెనకాలే కరిష్మా ఫోన్. “నాన్నా, మా క్లాసంతా వస్తున్నారు. కాస్త మంచి బిట్లు రాయి.”

మంచి బిట్లంటే సొంత ఊరివే ఉండాలనుకున్నాడు యూనస్. గురువారం మధ్యాహ్నం పలక తుడిచి, అక్షరాలు గుండ్రంగా దిద్దాడు. లైమ్‌స్టోన్ అంటే సున్నపురాయి. జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. మన జిల్లా కృష్ణా, జిల్లా కేంద్రం మచిలీపట్నం. మొదటి రెండూ నియమం ప్రకారం ఇద్దరిని అడిగాడు. మూడోది అడగలేదు. సొంత జిల్లా పేరు ఎవరినైనా అడుగుతారా?

ఆ సాయంత్రం దాకా ఎంతమంది ఎక్కి దిగారో. చంద్రమౌళిగారు కూడా ఎక్కారు, పలకంతా చూసి, “చేతిరాత కుదిరిందయ్యా,” అని దిగిపోయారు.

శుక్రవారం పొద్దున అడ్డరోడ్డులో సీతారావమ్మ కూరగాయల గంపతో ఎక్కింది. ఆవిడకు ఆ ఆటో ఎక్కే నాటికి ఓనమాలు రావు. రెండేళ్ల కిందట, “ఇయ్యాల ఏం రాసావు, చదివిపెట్టు,” అని అడిగితే, “మొదటి అక్షరం మీరు చెప్పండి పిన్నీ, మిగతాది నేను చెప్తా,” అన్నాడు యూనస్. అప్పటి నుంచి రోజుకో అక్షరం. మొదట్లో, చదివిపెట్టడం లేదని కోపం వచ్చి నాలుగు రోజులు వేరే ఆటో కూడా ఎక్కి చూసింది పాపం. అక్కడ కళ్ల ముందు సినిమా పోస్టరు తప్ప ఏమీ లేక మళ్లీ వచ్చేసింది.

పేట బస్టాండులో అందరూ దిగిపోయారు. యూనస్ పలక విప్పి, నందిగామ బస్సు కోసం తువ్వాలులో చుట్టబోతున్నాడు.

“ఆగు యూనసూ. దాన్ని ఇటు పెట్టు,” అంది సీతారావమ్మ, గంప కింద దించి. వేలు పెట్టి ఒక్కో అక్షరం మీదుగా నడిచింది. “మ... చి... లీ... మచిలీపట్నం ఏంది? మనది మారింది గదా. నా పింఛను కాయితం మీద ఎన్టీఆర్ జిల్లా అని ఉంటే మొన్నే కూడబలుక్కున్నా. మనకి బెజవాడ గాదూ?”

యూనస్ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. జిల్లా మారి ఏళ్లు దాటినా ఈ చుట్టుపక్కల ఎవరి నోటా కృష్ణా జిల్లా అన్న మాట పోలేదు. ముందు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పదకొండేళ్ల మాట పోయింది, అదీ ఇవాళే. తరవాత మెల్లగా తట్టింది, ఆవిడ చేసిందేమిటో.

తువ్వాలుతో తుడిచేస్తే క్షణం పని. అతను తుడవలేదు. తప్పు మీద అడ్డంగా గీత కొట్టి, కింద సరైనది రాశాడు.

కాలేజీ స్టేజీ మీద పలక పైకెత్తగానే ఆ గీత చూసి పిల్లలు గుసగుసలాడారు. ముందు వరసలో కరిష్మా తల వంచుకుంది.

“ఈ తప్పు నాదే,” అన్నాడు యూనస్. “నిన్నటి నుంచి బాగా చదువుకున్నోళ్లు చానామంది దీన్ని చూసారు. నేనూ చూసా. ఎవరి కంటికీ ఆనలేదు. పొద్దున మా సీతారావమ్మ పిన్ని పట్టుకుంది. రెండేళ్ల కిందట ఆవిడకి ‘అ’ అంటే తెలీదండీ.”

గీత అందరికీ కనబడేలా పలకను ఇంకాస్త పైకెత్తాడు. కరిష్మా తలెత్తి చూస్తోంది.

మర్నాడు అడ్డరోడ్డులో ఆటో నిండింది. అయినా యూనస్ కదిలించలేదు. సీతారావమ్మ గంప ఒళ్లో పెట్టుకుని, ముందుకు వంగి పలక చదువుతోంది. ఆఫీసులకు పోవాల్సినవాళ్లు వాచీలు చూసుకుంటున్నారు. “ఏం భాయ్, పోనివ్వవా?” అన్నాడొకాయన.

“ఒక్క నిమిషం ఆగండి సార్, పిన్నిగారు చూస్తన్నారు.”

మూడో వరస చివరి అక్షరం దాకా వేలు నడిపి, ఆవిడ వెనక్కి వాలింది.

“బానే ఉంది. ఇక పోనీ.”