మధ్యలో లేని కణాలు

నా దగ్గర పరిశోధన చేసిన అమ్మాయికి లెక్క రాదని నలుగురి ముందు అన్నాను. ఆమె చెప్పిందే సరైనదని నాకప్పటికే తెలుసు. ఆ మాట మాత్రం చెప్పలేదు.

మాది పెనుబల్లి. ఆమెది కొత్తగూడెం, బొగ్గుబాయి కార్మికుడి కూతురు. ఎముక మజ్జలోని మూలకణం ఏ దారిన ఎర్రకణమవుతుందో, ఏ దారిన తెల్లకణమవుతుందో గణితంతో చెప్పడం హైదరాబాద్ ల్యాబ్‌లో మా పని. ఒక్కో కణాన్ని విడిగా ఒక్కో సన్నని బొట్టులో పట్టి, అందులో ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో కొలుస్తారు. ఆ కొలతలతో నేను కట్టిన నమూనాలో, రెండు దారుల మధ్య ఎటూ తేల్చుకోని కణాల గుంపొకటి కనిపించింది. నా పేపరు, నా ప్రమోషన్ ఆ గుంపు మీదే నిలబడ్డాయి.

"సార్, అవి మధ్యల లేవు," అంది ఆమె మీటింగ్‌లో. "రెండు కణాలు ఒక్క బొట్టుల పడ్డయి. మెషిన్ ఒక్కటే అనుకున్నది. షేర్ ఆటోల ఇద్దరు ఇరుక్కొని కూసుంటే మూడో మనిషి పుట్టిండంటమా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు సరిచూసుకున్నాను. జంటగా పడ్డవాటిని తీసేస్తే ఆ గుంపే లేదు.

తర్వాతి సమీక్షలో ల్యాబ్ పెద్దాయన ఆమె అభ్యంతరం గురించి అడిగితే, "ఆమెకు గణితంలో పునాది లేదండి. ఆ ప్రాంతపు చదువులు అంతే," అన్నాను. నాదీ ఆ ప్రాంతమే. ఆమె ఫెలోషిప్ ఆగిపోయింది. ఊరికి వెళ్లిపోయింది.

ఏడేళ్లు పట్టింది నాకు, కారణం రాసి ఆ పేపరును వెనక్కి తీసుకోవడానికి. తర్వాత చండ్రుగొండ వెళ్లాను. అక్కడ ఆమె జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. స్టాఫ్ రూంలో కూర్చోమని కూడా అనలేదు.

"ఏంది సార్, పర్ణశాల గుడికి పోతూ పోతూ పాపం కడుక్కుందామని ఈడ ఆగిండ్రా?"

"తప్పు చేశాను," అన్నాను.

"అవ్. అది నాకు ఎరుకే. మా నాయనకు ఎరుక లేదు. లెక్క రాక ఎల్లగొట్టిండ్రనే ఇప్పటికీ అనుకుంటడు. నేను ఎంత చెప్పినా, బిడ్డ తప్పు కప్పుకుంటున్నదనే అంటడు." తండ్రికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద నా ముందుకు తోసింది. "నాయనా, నీతోటి ఒకాయన మాట్లాడుతడంట."

"ఎవలు బిడ్డా?"

"హైదరాబాద్ సార్, నాయనా."

"ఆయనతోటి నీకేం మాట? పెట్టెయ్."

ఆమె పెట్టెయ్యలేదు. నా వైపే చూస్తోంది.

"మీ అమ్మాయి లెక్క తప్పు కాదండి," అన్నాను. "తప్పు నాది. తెలిసి కూడా ఆమెకు రాదని అబద్ధం చెప్పాను. మీరిద్దరూ నన్ను క్షమించాలి."