తేలని రంగు

మా ముగ్గురిదీ హౌరా పక్కనున్న లిలువా. శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వేలో చేరిన నాన్నలకు పుట్టి, ఒకే వరస క్వార్టర్లలో పెరిగాం. ఒకడు కలకత్తా శివారు న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయ్యాడు. నేను కలకత్తాలో ఓ బ్యాంకులో పడ్డాను. మూడోవాడు లిలువా వదల్లేదు. పగలంతా రైల్వే కార్ఖానా, ఆ తర్వాత ఒక కారు, అంతే వాడి జీవితం.

ఎవరో గుద్దేసి వదిలేసిన రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు అది. దాన్ని బజారు వెనకున్న బెంగాలీ మేస్త్రీ గ్యారేజీలో పెట్టి, ఏళ్ల తరబడి మార్పిస్తూనే ఉన్నాడు. ఇంజను మారింది, చక్రాలు వెడల్పయ్యాయి, వెనక ఓ రెక్క మొలిచింది. నేలకు ఆనేంత కిందికి దించేసిన ఆ బండి మా వీధి స్పీడ్‌బ్రేకర్ ఎలా దాటుతుందో నాకైతే అర్థం కాదు. దిగువనున్న బడ్జ్ బడ్జ్ ఊరి దాకా గంగ ఒడ్డునే ఒక్కసారి దాన్ని తోలుకెళ్లాలని వాడి కోరిక.

రంగు ఒక్కటే మిగిలింది. రంగు పడని బండిని మేస్త్రీ గేటు దాటనివ్వడు, అది అతని పట్టింపు. ముగ్గురూ ఒప్పుకోనిదే ఏ పనీ చేయకూడదన్నది చిన్నప్పటి నుంచీ మా పట్టింపు. అందుకని ప్రతి ఆదివారం గ్యారేజీలో చేరేవాళ్లం. మేస్త్రీ రేకు ముక్కల మీద రంగులు కొట్టి గోడకు ఆనించేవాడు. న్యూ టౌన్ వాడిది మెరుపు లేని నలుపు. నాది ముదురు నీలం. కారు గలవాడికి మాత్రం కళ్లు జిగేల్మనే నారింజ కావాలి, పట్టాల మీద గ్యాంగ్‌మన్లు తొడుక్కునే కోటు రంగు. వాళ్ల నాన్న రిటైరయ్యేదాకా ఆ కోటులోనే తిరిగాడు. ఎర్రజెండా కూడా ఒకటి కట్టుకోమని ఏడిపించాం.

ఓ ఆదివారం వాడు నారింజ రేకును ఎండలో చూపిస్తానని లేచి, పక్కనే ఉన్న చాయ్ కప్పులు తొక్కుకుంటూ వెళ్లి, ఆరని నలుపు రేకును తన్నేశాడు. ప్యాంటంతా నల్లరంగు. మేం పగలబడి నవ్వాం. వాడు నవ్వలేదు. ఇంకో చాయ్ తెచ్చి పక్కనుంచి అందిస్తే వాడు అందుకోలేదు. మట్టికప్పు నా వేళ్లను కాలుస్తోంది. అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది.

"ఏట్రా, కనిపించట్లేదా?" అన్నాను.

"ఎదురుగుంటే కనిపిస్తాది. పక్కలే తెలీట్లేదు. కంట్లో నీటికాసులంట. పోయిన సూపు మరి రాదంట."

"మరి కారెలాగ తోల్తావు?"

"అందుకే కదరా ఆ రంగన్నాను. రోడ్డు మీదోల్ని నాను సూడలేను. ఆలే నన్ను సూసి తప్పుకోవాల."

ఎంత మామూలుగా అన్నాడో. గొంతు చించుకుని తిట్టాను. న్యూ టౌన్ వాడు కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. డాక్టరు బండి తోలొద్దన్నాడని వాడే ఒప్పుకున్నాడు. అయినా బడ్జ్ బడ్జ్ వెళ్లాల్సిందేనన్నాడు. వాళ్లావిడకి చెప్పాం. ఆవిడ తాళంచెవి దాచేస్తే ఇంకోటి చేయించుకున్నాడు. ఇక మా చేతిలో మిగిలింది రంగే.

అందుకే వాదిస్తూనే ఉన్నాం. న్యూ టౌన్ వాడు విసిగినట్టు నీలానికి దిగొస్తే నేను తెలుపు అంటాను. వాడు తెలుపుకు సరేనంటే నాకు ఆకుపచ్చ గుర్తొస్తుంది. మేస్త్రీకి విషయం తెలుసు, అడిగిన రంగల్లా కొత్త రేకు మీద కొడుతున్నాడు. కారు బూడిదరంగు పూతతో అలాగే పడుంది. వాడి చూపు మాత్రం నెలనెలా కుంచించుకుపోతోంది. అది పూర్తిగా పోతే తప్ప ఈ వాదన ఆగదు. మేం ఎదురుచూస్తున్నది దానికోసమేనని తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మొన్న ఆదివారం వాడు గోడ తడుముకుంటూ వెళ్లి నారింజ రేకు తెచ్చి నా మొహం ముందు పట్టుకున్నాడు.

"నిజం సెప్పు. నీకిది బాగోలేదా?"

ఎండలో ఆ రంగు వెలిగిపోతోంది. అంత మంచి రంగు నేనింతవరకు ఏ కారు మీదా చూడలేదు.

"బాగోలేదురా," అన్నాను.