శనివారం పొద్దున పైపు తుడవడం

బండి మా అన్నది. టర్బో డీజిల్ బండి. ఆ ఎండాకాలమే కొన్నాడు. మా నానక్‌రామ్‌గూడలో అప్పట్లో అలాంటిది ఇంకెవరికీ లేదు. మాదాపూర్ గుట్టల్లో రాళ్లు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. ఆ ఆఫీసుల వాళ్లను పొద్దున తీసుకెళ్లి సాయంత్రం దింపడం అన్న పని. అన్న పోయాక అది నా పని అయింది. తాళంచెవి నా చేతిలో పెట్టారు, నడిపాను. వద్దనడానికి కూడా నాకు ఓపిక లేదు.

అన్న ఎలా పోయాడో ముందే చెప్పేస్తాను. ఒక శనివారం పొద్దున గచ్చిబౌలి దాటాక ఎత్తు మీద బండి ఆపి, బానెట్ ఎత్తి చూసి, రోడ్డు వైపు ఒక అడుగు జరిగాడు. రాళ్ల లోడుతో వస్తున్న టిప్పర్ తగిలింది. బండికి గీత కూడా పడలేదు. మనవాళ్లు దాన్ని తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. లోపల రబ్బరు పైపు ఒకటి ఊడి వేలాడుతుండడం నేను చూశాను. చూశానంతే. నాకు ఏడుపు కూడా రాలేదు. అందరూ ఏడుస్తుంటే నేను షామియానా తాళ్లు ఎక్కడ కట్టాలో చెబుతూ తిరిగాను. మొద్దుబారిపోయాను. ఆ మొద్దుతనం చాలాకాలం పోలేదు.

దినాలు అయిపోయాక బండి తీశాను. నెమ్మదిగా పోయినంతసేపు బాగానే ఉండేది. ఎత్తు రాగానే ముందు నుంచి టప్‌మని చప్పుడు, వెనక నల్లటి పొగ, బండి ముసలి ఎద్దులా కదలనని మొరాయించడం. ఈ బళ్లలో టర్బో గాలిని గట్టిగా ఒత్తి పంపుతుంది. ఒత్తిన గాలి వేడెక్కుతుంది కనుక మధ్యలో దాన్ని చల్లార్చే జాలీ ఒకటి ఉంటుంది, ఇంటర్‌కూలర్ అంటారు. దానికి అటొకటి ఇటొకటి రబ్బరు పైపులు. వాటి మూతులు ఇనుప గొట్టాల మీదకు తొడిగి క్లిప్పులు బిగిస్తారు. ఆ పైపు ఊడిందంటే గాలంతా బయటికే పోతుంది, ఇంజన్‌కు బలం ఉండదు.

కూకట్‌పల్లిలో గుంటూరు నుంచి వచ్చిన మెకానిక్ ఒకాయన ఉండేవాడు. వెళ్లినప్పుడల్లా క్లిప్పు ఇంకాస్త బిగించేవాడు.

"ఇక ఊడమన్నా ఊడదండీ."

మళ్లీ శనివారం ఊడేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన్ని తిట్టాను, క్లిప్పును తిట్టాను, బండిని కాలితో తన్నాను. ఆయన కొత్త క్లిప్పు వేసి పళ్లు బిగబట్టి బిగించాడు. క్లిప్పు అంచు దిగి రబ్బరు కోసుకుపోయింది తప్ప ఊడడం ఆగలేదు. వెనక కూర్చున్న ఆఫీసాయన గడియారం చూసుకుని నిట్టూర్చేవాడు. ఇంటికొచ్చి వదిన ముందు ఆ సంగతంతా చెప్పి విసుక్కునేవాణ్ని. వదిన వినేది. అన్న పోయినప్పటి నుంచి ఆమె మాటలు తగ్గాయి.

ఒక శనివారం అదే ఎత్తు మీద మళ్లీ ఊడింది. దిగి, పైపు పట్టుకుని లోపలికి వేళ్లు పెట్టాను. జారుడుగా తగిలింది. వాసన చూశాను. కొబ్బరినూనె. మా ఇంట్లో గూట్లో ఉండే సీసా వాసన.

అన్న బండి కొన్న కొత్తలో వదినతో అన్నాడు, "ఎండకు డోర్ల రబ్బర్లు పగుల్తయి, జర కొబ్బరినూనె రాస్తుండు" అని. వదిన ఏ పనైనా చెప్పినదానికంటే ఒక పాలు ఎక్కువే చేసే మనిషి. శుక్రవారం బండి కడిగి, పూజకు ముందు డోర్ల రబ్బర్లకూ రాసేది, బానెట్ కింద కనబడిన ప్రతి నల్ల పైపుకూ రాసేది. అతుకుల దగ్గర పగులుతుందని అక్కడ ఇంకా ఎక్కువ, అదే మెల్లగా మూతి లోపలికి దిగేది. పైపులు నిగనిగలాడుతుంటే అన్న మురిసిపోయేవాడు. అన్న పోయాక బండికి బొట్టు నన్ను పెట్టమనేది, నిమ్మకాయ నన్ను కట్టమనేది. నూనె రాయడం మాత్రం తనే చేసేది. ఆమెకు మిగిలిన పని అదొక్కటే.

శుక్రవారం నూనె, శనివారం ఊడడం. అన్న పోయింది శనివారమే.

బానెట్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. అన్న పోయిన రోజు కూడా వేయని భయం అప్పుడు వేసింది. ఈ సంగతి తెలిస్తే వదిన బతకదు. నూనె రాయొద్దు అంటే ఎందుకు అంటుంది. ఆమె కళ్లలోకి చూసి అబద్ధం చెప్పడం నావల్ల కాదు.

అందుకని శనివారం పొద్దున్నే లేచి నేనే క్లిప్పు వదులు చేసి, పైపు లాగి, పెట్రోల్ గుడ్డతో లోపలంతా తుడిచేవాణ్ని. ఇనుప గొట్టం మూతి కూడా. రెండూ పొడిగా ఆరాక చివరిదాకా తోసి, క్లిప్పు రబ్బరు కోసుకోకుండా సరిపడా బిగించేవాణ్ని. మళ్లీ ఊడలేదు. మెకానిక్ తన క్లిప్పు గొప్పే అనుకున్నాడు. అనుకోనిచ్చాను.

ఒక శనివారం వదిన చాయ్ గ్లాసు పట్టుకుని వెనకొచ్చి నిలబడింది.

"ఏం తుడుస్తున్నవ్?"

"దుమ్ము వదినా. గుట్టలు పేలుస్తున్నరు గద."

"పైపు లోపల గూడనా?"

"లోపల గూడ."

"ఇగ ఊడుతలేదా అది?"

"ఊడుతలేదు."

కొంచెంసేపు నా చేతిలో గుడ్డనే చూసింది.

"ఆ దినం మీ అన్న బండెందుకు ఆపిండు?"

"ఏమో వదినా. ఇంజన్ వేడెక్కిందేమో."

గ్లాసు గడప పక్కన గద్దె మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి శుక్రవారం బండి కడిగింది. నాతో బొట్టు పెట్టించింది, నిమ్మకాయ కట్టించింది. నూనె సీసా గూట్లోంచి బయటికి రాలేదు. డోర్ల రబ్బర్లకు కూడా రాయలేదు.

మర్నాడు పొద్దున పైపు లాగితే లోపల ఎండిన బట్టలా ఉంది. తుడవడానికి ఏమీ లేదు. తలెత్తితే గడప మీద వదిన, ఒళ్లో చాట, బియ్యం ఏరుతూ నా వైపే చూస్తోంది. తుడవకుండా తొడిగేస్తే, ఇన్నాళ్లూ నేను తుడిచింది నూనేనని నా చేతులే ఒప్పుకున్నట్టు. గుడ్డ మీద పెట్రోల్ పోసుకుని, ఎప్పటిలాగే లోపలిదాకా తుడవడం మొదలుపెట్టాను.

"దుమ్మేనా?" అంది.

"దుమ్మే వదినా."

"మంచిగ తుడువు" అని మళ్లీ బియ్యంలోకి తల వంచుకుంది.